తీసేసిన చెంపదెబ్బ

మ్యాట్నీకి గంట కొట్టగానే అబిదా ఆడవాళ్ల గేటు గొళ్లెం తీసి, అడ్డంగా నిలబడి టికెట్లు చించసాగింది. మిరపకాయల తొడిమలు తీసే కూలీ ఆడవాళ్లు ఆ పూట పని మానుకుని గుంపుగా వచ్చారు. వాళ్ల కొంగుల్లోని ఘాటుకు ఆమెకు దగ్గు తెర వచ్చింది. సన్నటి ముఖం, నీరు పట్టి ఉబ్బిన మడమలు, టికెట్ల రంగు అంటి ఎప్పుడూ గులాబీగా ఉండే బొటనవేళ్లు.

"అబిదక్కా, ఇందులో కూడా కోడలు మామను కొట్టిద్దా?" అడిగింది బుల్లెమ్మ.

"కొట్టకుండా ఎట్టా ఉంటది? ఆ దెబ్బ కోసమేగా జనం వచ్చేది."

పాత నలుపు తెలుపు బొమ్మనే రంగుల్లో మళ్లీ తీశారు. ఇవాళే విడుదల. తనను ఇంట్లోంచి గెంటబోయిన మామ చెంపను కోడలు పగలగొట్టడం ఆ పాత బొమ్మకు ప్రాణం. అబిదా నరసరావుపేట వచ్చి ఈ హాల్లో చేరిన కొత్తలో అదే ఆడుతోంది. అప్పటికి ఆమె భర్త పోయి ఎన్నాళ్లో కాలేదు. మాచవరంలో మరిది సుభానీ ఆమె సామాను వీధిలో పెట్టి ఇంటికి తాళం వేస్తే, ఒక్క మాట అనకుండా మూట నెత్తిన పెట్టుకుని వచ్చేసిన మనిషి. ఆ ఘట్టం రాగానే రోజూ గేటు పరదా తొలగించి చూసేది.

ఈ రోజూ తొలగించింది. మామ గడప వైపు చెయ్యి చూపించాడు. బొమ్మ చటుక్కున ఎగిరింది. కోడలు ఆయన కాళ్లకు దండం పెడుతోంది.

"దెబ్బేదిరా?" హాలంతా గోల. తెర మీదికి చెప్పు ఎగిరింది. ఆట అయిపోయినా ఆడవాళ్లు కదల్లేదు.

మేనేజరు పుల్లారావు పరుగున వచ్చాడు. "మేం కొయ్యలేదమ్మా. సెన్సారోళ్లు తీసేయమన్నారంట. పెద్దోళ్లను కొట్టడం చూపకూడదంట."

"పెద్దోళ్లు గెంటడం చూపొచ్చా?" అరిచింది బుల్లెమ్మ. "ఆ దెబ్బ చూడందే లేవం!"

పుల్లారావు అబిదా వైపు తిరిగాడు. "బయట ఫస్టు షో జనం ఉన్నారు. వీళ్లు నీ మాటయితే ఇంటారు."

అబిదా కుంటుకుంటూ తెర ముందుకు నడిచింది. "ఆ ఘట్టం నేను చెబుతా. ఇని పొండి."

కోడలు వాకిట్లో మూటతో నిలబడిందని మొదలుపెట్టింది. గొంతు మెల్లగా మారింది.

"ఈ గోడలకు మట్టి మోసింది నేను. నీ అన్న దగ్గతా ఉంటే రాత్రిళ్లు వీపు రాసింది నేను. ఎవరి మీద తాళం ఏస్తన్నావు, సుభానీ?"

బొమ్మలో మామ పేరు అది కాదు.

అబిదా చెయ్యి లేచింది. గాల్లోనే ఆగింది.

"కొట్టక్కా," అంది బుల్లెమ్మ మెల్లగా.

చెయ్యి దిగి కొంగు పట్టుకుంది. "ఇక్కడే తెగిందమ్మా. ఇంక పొండి."

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. బుల్లెమ్మ పోతూ పోతూ ఆమె భుజం నిమిరింది.

ఫస్టు షోకు కూడా అబిదానే టికెట్లు చించి, పరదా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆ ఘట్టం దగ్గర మళ్లీ గోల లేచింది. జనాన్ని సముదాయించమనడానికి వచ్చిన పుల్లారావు రెండుసార్లు పిలిచాడు. పలకకపోతే భుజం పట్టి కదిపాడు. గోడకు ఆనుకున్న మనిషి అలాగే ఒరిగిపోయింది. ఊపిరి లేదు.

ఆట ఆపితే గొడవ పెరుగుతుందని, ఆమెను బెంచీ మీద పక్క తలుపులోంచి మోసుకుపోయారు. స్టూలు కింద ఆమె బ్యాటరీ లైటు ఆర్పేవాళ్లు లేక వెలుగుతూనే ఉంది.