నేను దాటేసిన పేరా

మా ఆయనకి వాచీలు బాగుచేయడం తప్ప మరో పని రాదు. కానీ మనుషుల్ని కూడా బాగుచేయగలనని గట్టి నమ్మకం. నన్ను పదిహేనేళ్లుగా చూస్తున్నారు, లోపం ఎక్కడుందో ఇంకా దొరకలేదు పాపం.

ఆ రోజు ఆయన బాగుచేయడానికి బయల్దేరింది మేం పిచ్చుక అని పిలుచుకునే మా అమ్మాయిని. నాలుగో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెబుతుంది, పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వస్తుంది. బద్ధకమని బడివాళ్లు తేల్చేశారు. మూడో తరగతికి దించుతాం, వచ్చి సంతకం పెట్టండని కబురు చేస్తే ముగ్గురం హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లాం.

"పిల్లకి చదవడంలోనే ఏదో ఇబ్బంది ఉందేమోనండీ, పరీక్ష చేయిద్దాం," అంది కొత్త టీచరమ్మ.

"ఇబ్బందా? వినండి మరి!" హెడ్మిస్ట్రెస్ సైన్సు పుస్తకం తెరిచి పిచ్చుక ముందు పెట్టింది.

పిచ్చుక వేలు ఆనించి గడగడా అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు.

"విన్నారుగా! అంతా పొగరు." హెడ్మిస్ట్రెస్ కాగితం ముందుకు తోసింది.

"నేను ముందే చెప్పానా లేదా?" అంటూ మా ఆయన పెన్ను తీశారు.

నేను పిల్ల పక్కనే కూర్చుని పేజీ చూస్తున్నాను. మధ్యలో వానపాముల పేరా మొత్తం ఎగిరిపోయింది. వేలు ఆ పేరా మీదే ఉంది, నోరు మాత్రం తర్వాతి పేరాలో ఉంది. రోజూ కూరలు తరుగుతూ పాఠాలు పైకి చదివి వినిపించేది నేనే. వానపాములనగానే ఒళ్లు జలదరించి దాటేసేదీ నేనే.

బల్ల కింద పిచ్చుక నా చిటికెనవేలు గట్టిగా పట్టుకుంది. చెప్పొద్దని.

"ఆగండి," అన్నాను.

"మళ్లీ ఏమొచ్చిందే?"

"అది చదవలేదండీ, అప్పజెప్పింది. వానపాములు ఏవీ?"

టీచరమ్మ గబగబా చూసి, ఇంకా ఎవరూ చదివి వినిపించని చివరి పాఠం తీసింది. "ఇది చదువు తల్లీ."

పిచ్చుక వేలు మొదటి మాట దగ్గరే ఉండిపోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మా ఆయన పెన్ను కింద పెట్టారు.

"నీకు ముందే తెలుసా?" ఆయన గొంతు తగ్గింది.

"రెండేళ్లుగా. తడబడినప్పుడల్లా 'ఇలా తే' అని పుస్తకం లాక్కుని నేనే చదివిపెట్టాను. సాయం చేస్తున్నాననుకున్నాను. దాని కష్టం ఎవరికీ కనపడకుండా చేశాను. తప్పు నాదండీ."