వెచ్చని హస్తవాసి

చంద్రమోహన్ కాపురం ఆత్మకూరులో, పని ఉదయగిరి రోడ్డు పల్లెల్లో. పశువులకు సూదులు వేసే గోపాలమిత్ర అతను. ఎండెక్కితే గొడ్లు మేతకు వెళ్ళిపోతాయి కాబట్టి ధనుర్మాసపు మంచులో కూడా తెల్లవారకముందే బైకెక్కక తప్పదు. ఊరు చేరేసరికి వేళ్ళు కొయ్యముక్కలయ్యేవి. ఆ చేతులతో పొదుగు ముట్టుకుంటే ఏ పశువు ఊరుకుంటుంది? అతను ముందుగా వెళ్ళే ఊళ్ళోని ముసలి మాలకొండమ్మ బర్రె అయితే అతన్ని దూరంనుంచి చూసే కాలు లేపేది.

ఈ గోడు విన్న బామ్మర్ది కేశవ నవ్వి ఊరుకోలేదు. అతనికి బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డుంది. హ్యాండిల్‌కు తొడిగే హీటర్ గ్రిప్పులు ఆన్‌లైన్లో తెప్పించి బావ బండికి బిగించాడు. మొదటిరోజు కుడిచెయ్యి కాలింది, ఎడమచెయ్యి చల్లగానే ఉండిపోయింది. ఎడమది నేరుగా ఇనుపరాడ్డు మీదే ఉంది, వేడంతా రాడ్డే తాగేస్తోందని కేశవ దాన్ని ఊడదీసి కింద గుడ్డ టేపు చుట్టాడు. కుడివైపు వైరు బిగుసుకుని ఎక్సలేటరు వెనక్కి రాకపోతే కాస్త వదులిచ్చాడు. ఇక మిగిలింది వేడి ఎక్కువ తక్కువ చేసే బటన్. ఎర్రలైటు మీద ఉంచితే అరచేతులు మాడుతున్నాయి, నీలం మీద ఉంచితే ఉందో లేదో తెలియడం లేదు. పచ్చ మీద పెడితే వేడి కాఫీ గ్లాసు పట్టుకున్నంత హాయిగా ఉంటుందని చంద్రమోహన్ మూడు పొద్దులు తిరిగి కనిపెట్టాడు.

ఆ మర్నాడు మాలకొండమ్మ బర్రె పొదుగు మీద చెయ్యి వేస్తే అది కదల్లేదు. నెమరు వేస్తూ కళ్ళు మూసుకుంది. మాలకొండమ్మ నమ్మలేక అతని చెయ్యి పట్టుకు చూసింది. ఇంత చలిలో ఇవి ఇట్లా ఎట్లా కాగుతుండాయని అడిగింది.

నిజం చెబితే ఒక్క మాటతో పోయేది. కానీ చంద్రమోహన్‌కు నాలుక దురద. దారిలో ఉదయగిరి కొండకు దండం పెట్టుకున్నానని, అప్పటినుంచి చేతులు చల్లబడటమే లేదని మొహం గంభీరంగా పెట్టి చెప్పాడు.

వారం తిరక్కుండానే అతని హస్తవాసి గురించి ఊరంతా పాకింది. మెడ పట్టేసిందని దేవకమ్మ వచ్చి కూర్చుంది. కడుపునొప్పని ఒకామె చంటిబిడ్డను తెచ్చింది. చంద్రమోహన్ కాదనకుండా అందరికీ చేతులు ఆనించాడు. చల్లబడ్డాయనిపించినప్పుడల్లా ఫోనొచ్చిందని బయటికి వెళ్ళి, ఇంజన్ ఆన్‌చేసి, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని రెండుచేతులా హ్యాండిల్ పట్టుకు నిలబడేవాడు. మెడ తగ్గిందని దేవకమ్మ నలుగురికీ చెప్పింది. అతనికి లోపల నవ్వొచ్చేది, ఇంకా పెద్ద అబద్ధం ఏదైనా చెప్పి ఉండాల్సిందని కూడా అనిపించేది.

ఒకరోజు వెళ్ళేసరికి మోకాళ్ళ నొప్పులని మాలకొండమ్మ కాళ్ళు చాపుకుని సిద్ధంగా ఉంది. చుట్టూ వీధిలోని ఆడవాళ్ళంతా ఉన్నారు. అతను ఒక్కో మోకాలి మీద ఒక్కో చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతుల మీద తన చేతులు బిగించింది. కాసేపయింది. వేడి దిగిపోతున్న సంగతి అతనికి తెలుస్తోంది. ఇక చాలేమో అన్నాడు. ఆమె వదల్లేదు.

“అవ్వా, ఫోనొస్తా ఉండాది. అట్లా పోయొస్తా.”

“ఈడనే మాట్లాడు. కొండదేవుడి మాటలు మేమూ వింటాం.”

“సిగ్నల్ దొరకదవ్వా ఈడ.”

“బండి కాడ దొరకతాదా?” మాలకొండమ్మ ముందుకు వంగి గొంతు తగ్గించింది. “నిన్న నువ్వు చేతులు కడుక్కుంటుంటే ఆ హ్యాండిల్ పట్టుకు చూసినాను అబ్బయా. కొండ ఆడికి ఎప్పుడొచ్చినాది?”

చంద్రమోహన్ మొహం దించుకున్నాడు. దించుకున్నాడే గాని నవ్వు ఆగలేదు. అది చూసి ఆమె కూడా నవ్వేసింది. తక్కినవాళ్ళు ఏందని నిలదీస్తే ఇక దాచలేక గ్రిప్పుల సంగతంతా చెప్పేశాడు. తిట్లు తప్పవనుకున్నాడు. దేవకమ్మ మాత్రం మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, నొప్పి పోయింది నాకు, దేనితో పోతే నాకేంది అంది.

తర్వాత అందరూ బండి మీద పడ్డారు. పాలు పిండబోయే ముందు వేళ్ళు కొంకర్లు పోయేది వాళ్ళకు మాత్రం కాదా? ఇద్దరిద్దరుగా హ్యాండిల్ పట్టుకుని కాచుకోవడం మొదలుపెట్టారు. దేవకమ్మ తెలియక బటన్ నొక్కి ఎరుపు మీదికి మార్చి, కెవ్వుమని చేతులు దులుపుకుంది. చంద్రమోహన్ పక్కన నిలబడి ఎవరు ఏ రంగుకు ఓర్చుకోగలరో చూసి మారుస్తూ పోయాడు. మాలకొండమ్మ అందరికంటే ముందు కాచుకుని, బిందె తీసుకుని పాకలోకి వెళ్ళింది. ఆలస్యమవుతోందని అతను ఎంత మొత్తుకున్నా, తక్కిన ఆడవాళ్ళు చివరి మనిషి చేతులు వెచ్చబడేదాకా బండి కదలనివ్వలేదు.

తర్వాతి ఊరు చేరేసరికి పొద్దెక్కింది. కామయ్య ఆవుకు సూది వెయ్యాలి. ఆవు కొట్టంలోనే ఉంది గాని కామయ్య మాత్రం రోడ్డు మీదే కాచుకుని ఉన్నాడు. ఇక్కడివాళ్ళకు మాలకొండమ్మ ఊరినుంచి ఫోను వచ్చేసినట్టుంది, అతని వెనక మరో నలుగురున్నారు. చంద్రమోహన్ బండి స్టాండు వెయ్యకముందే కామయ్య రెండు చేతులూ చాపి, ఇంజన్ ఆపొద్దన్నాడు.