నలభై గుర్తులు

రామక్క మెడ వెనక్కి వాల్చి, కప్పును చూస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది. ఆగింది. కిందికి వంగి సుద్దముక్కతో నేల మీద ఇంటూ గుర్తు పెట్టింది. మళ్లీ పైకి చూసింది.

షాపుల కప్పులకు బూజు దులిపే పనికి ఆమె రేటు కట్టే పద్ధతి అదే. నిచ్చెన ఎన్నిచోట్ల నిలపాలో అన్ని గుర్తులు. గుర్తుకు పదిహేను రూపాయలు, పైన మనిషికీ కింద మనిషికీ కలిపి. పై అంతస్తు దాకా తెరిచి ఉన్న నడిమి ఖాళీలో అయితే రెట్టింపు. ఖమ్మం బజారులో బట్టల షాపులవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. పని అయిన గుర్తును ఆమె కాలితో చెరిపేస్తుంది. నేల మీద గుర్తులేవీ మిగలకపోతే పని అయిపోయినట్టు.

ముప్పై ఏళ్లుగా ఆమె చూసిందంతా పైకే. కౌంటర్ల మీద ఏ చీరలు పరిచారో ఆమెను అడిగితే చెప్పలేదు. ఏ షాపు కప్పుకు ఏ మూల చెమ్మ దిగిందో, ఏ ఫ్యాను రెక్క వంగిందో చెప్పగలదు. నిచ్చెన ఎక్కేది ఆమె పెనిమిటి దూలయ్య. అతని ముఖం కన్నా అరికాళ్లే ఆమెకు ఎక్కువ తెలుసు. ఎడమకాలి మడమ పగులు వానాకాలంలో కూడా మానదు.

ఆ అరికాళ్లు పోయిన నెల బోనకల్‌లో ఒక షాపులో తొమ్మిదో మెట్టు మీద ఆగిపోయాయి. సన్నటి వణుకు ఒకటి నిచ్చెన వెదురు గుండా దిగి ఆమె అరచేతుల్లోకి వచ్చింది. కాసేపటికి అతను పైకి వెళ్లాడు, పని చేశాడు, దిగి బీడీ ముట్టించాడు. ఆమె అడగలేదు. అడిగితే, ఆ వణుకు ఇద్దరిదీ అయిపోతుంది. తర్వాత అతను ఏ ముఖంతో నిచ్చెన ఎక్కుతాడు? ఎక్కకపోతే తనెవరని అనుకుంటాడు? దుమ్ముగూడెం అడవిలో వెదురు కొట్టే రోజుల నుంచి ఎక్కడమే అతని పేరు.

అందుకే ఇవాళ, ఇరవై నాలుగు చాలిన చోట ఆమె నలభై గుర్తులు పెట్టింది. షావుకారు రేటు విని వద్దంటాడు. వద్దన్నది షావుకారు కాబట్టి దూలయ్యకు చిన్నతనం ఉండదు.

దూలయ్య గుమ్మం దగ్గర నిలబడి గుర్తులన్నీ చూశాడు.

"ఆరువందల పదిహేనా?" గల్లా దగ్గర వెంకటప్పయ్య కళ్లజోడు తీశాడు. బెజవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టిన మనిషి. "ఎక్కేది వాడు. నువ్వు కింద నిలబడి పైకి చూసినందుకు సగమా? నేనూ పొద్దస్తమానం ఇక్కడ కూర్చుని పైకే చూస్తున్నాను, నాకెవరిస్తారమ్మా?"

"నువ్ సూడకున్నా ఎవలూ పడరు షావుకారీ. నేను సూడకుంటే పడ్తడు."

గుమాస్తాలు నవ్వారు. వెంకటప్పయ్య కూడా నవ్వాడు.

"సరే, నిచ్చెన మా కుర్రాళ్లు పట్టుకుంటారు. నీ సగం తీసెయ్."

"అట్లయితే మాకొద్దు. వేరేటోళ్లను సూస్కో."

ఆమె సుద్దముక్కను కొంగున ముడేసుకుని తిరిగింది. గుండె తేలికపడింది.

"ఆగమ్మా, ఆగు! దసరా సరుకు ఎల్లుండి దిగుతోంది. ఇప్పుడెవణ్ణి వెతకను? నువ్వన్నదే ఇస్తాను, కానీయండి."

ఆమె వెనక్కి తిరిగింది. దూలయ్య అప్పటికే తలకు గుడ్డ చుట్టుకుంటున్నాడు.

అది తల దగ్గర మోకుతో కట్టిన జంట నిచ్చెన. గుడారంలా విప్పి మొదటి గుర్తు మీద నిలిపారు. అతను ఎక్కాడు. పొడుగు కర్రకు కట్టిన చీపురుతో అక్కడి నుంచే రెండో గుర్తు పై దాకా దులపగలడు. ముప్పై ఏళ్లుగా అట్లాగే ఒళ్లు సాచి దులిపాడు. ఇవాళ సాచలేదు. తలపైన ఉన్నంత మేర దులిపి, దిగి, నిచ్చెనను పక్క గుర్తు మీదికి జరిపించాడు. అట్లా ప్రతి గుర్తుకీ ఎక్కాడు, దిగాడు. ఆమె ఒక్కో గుర్తునూ కాలితో చెరిపింది.

మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని అన్నం తింటుంటే ఆమె ఉండబట్టలేక అంది.

"ఆడికెల్లే అందేది గదా. ఊకె ఎందుకు దిగుడు?"

"నువ్ గీసినవ్ గదా." అతను మిరపకాయ కొరికాడు. "లెక్క నీది, ఎక్కుడు నాది."

తను అబద్ధంగా పెట్టిన గుర్తులను అతను ఒక్కొక్కటిగా నిజం చేస్తున్నాడని అప్పుడు ఆమెకు అర్థమైంది. చెంబెత్తి నీళ్లు తాగింది.

నాలుగింటికి ముప్పై తొమ్మిది చెరిగిపోయాయి. మిగిలింది నడిమి ఖాళీలో, గాజు దీపాల గుత్తి కింద. దానికి చివరి మెట్టు దాకా ఎక్కాలి. మరో దారి లేదు.

అతను ఎక్కాడు. పన్నెండో మెట్టు దగ్గర వణుకు మొదలైంది. అది ఆమె చేతుల్లోకి, మోచేతుల్లోకి వచ్చింది. ఆమె వెదురును ఇంకా గట్టిగా పట్టుకుంది. పగిలిన మడమ చాలాసేపు కదలలేదు. తర్వాత ఒక్కో మెట్టే కిందికి వచ్చింది.

దూలయ్య తలగుడ్డ విప్పుకుంటూ నేరుగా గల్లా దగ్గరికి నడిచాడు. ముప్పై ఏళ్లలో అతను రేటు మాట్లాడటం అదే మొదలు.

"షావుకారీ, ఆ నడిమిది నాతోని గాదు. దాని ముప్పై కోసుకో."

"అదేంటయ్యా! గుమ్మంలో అడుగుపెట్టగానే కనపడేది అదేగా?"

"అవ్. కాళ్లు ఇంటలేవు." ఆ మాట షాపంతటికీ వినపడేలా చెప్పాడు. "నిచ్చెన గూడ ఈడనే ఉంచుకో. ఎక్కెటోడు ఎవడన్న వస్తడు."

వెంకటప్పయ్య రామక్క వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది. అతను నోట్లు లెక్కపెట్టాడు.

రోడ్డు మీదికి వచ్చి బస్టాండు వైపు తిరిగాక ఆమె అడిగింది.

"నాకెర్కేనని నీకెప్పుడు తెలిసింది?"

"నలభై గీసినప్పుడు."

భద్రాచలం బస్సు నిలబడి ఉంది. అతను ముందు ఎక్కి, ఆమె కోసం చెయ్యి చాచాడు.

షాపులో ఆ నిచ్చెన దీపాల గుత్తి కింద, చెరగని గుర్తు మీద అట్లాగే నిలబడి ఉంది. రెండు నిలువు వెదుళ్లకూ ఆడమనిషి రొమ్మెత్తున అరచెయ్యంత మేర గణుపులు అరిగిపోయి, నున్నగా, నల్లగా మెరుస్తున్నాయి.