పక్కింటి నాలుగు ఆంపియర్లు

"పొగగొట్టాల పక్కనే బతుకుతున్నారు, మీకేం, కరెంటుకు కొదవా?" అంటారు మా బంధువులు. దేవసూగూరు వచ్చి మా సందులో ఒక్క పూట ఉండమనండి, తెలుస్తుంది. స్తంభం ఎక్కడో సందు మొదట్లో ఉంది. అక్కణ్ణుంచి సన్నటి తీగ ఒక్కటే లాగి, మా గోడ దగ్గర రెండుగా చీల్చి, నాకొకటి, పక్కింటి హంపమ్మకొకటి ఇచ్చారు. ఆమె కాయిల్ పొయ్యి వేసిందంటే నా బల్బు కళ్ళు తేలేస్తుంది.

నేను ఇక్కడి కరెంటు తయారుచేసే ప్లాంటులో మీటర్లు సరిచూసే పనిలో ఉన్నాను. భార్య పోయాక ఇంట్లో ఒక్కణ్ణే. ఒకరోజు ఒళ్ళు మండి గోడ మీంచి అరిచాను.

"హంపక్కా, నువ్వు పొయ్యి ముట్టిస్తే నా ఇల్లు గిట్ల చీకటైతుంది. ఏందిది?"

"ప్లాంటుల పని చేస్తే కరెంటంతా నీ జాగీరా? నన్ను వండుకోవద్దంటవా?"

ఆమె కూడా నాలాగే ఒంటరి మనిషి. నోరు మాత్రం నాకన్నా పెద్దది. అంతే, మాటలు బంద్. నేను పంతానికి పోయి, నాకు వేరే తీగ కావాలని కరెంటాఫీసులో అర్జీ పడేసి వచ్చాను.

ఆమె పొయ్యి ఎంత కరెంటు తింటోందో లెక్క తేల్చి మొహం మీదే చెప్పాలనిపించింది. ప్లాంటులో పక్కన పడేసిన పాత వోల్ట్‌మీటరు, ఆంపియర్ మీటరు అడిగి తెచ్చి గోడకు బిగించాను. ముందు నా పొయ్యితోనే చూశాను. ఏమీ వేయనప్పుడు 230 వోల్టులు. పొయ్యి వేస్తే నాలుగు ఆంపియర్లు లాగింది, వోల్టుల ముల్లు 218కి దిగింది. అంటే పన్నెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి. పన్నెండును నాలుగుతో భాగిస్తే మూడు ఓములు. అదీ ఆ దిక్కుమాలిన తీగ నిరోధం! ఇక పొయ్యికి అందేది 218ని నాలుగుతో గుణిస్తే 872 వాట్లు. దాని మీద మాత్రం సిగ్గులేకుండా వెయ్యి అని అచ్చేసి ఉంది.

తర్వాత ఆమె వంతు. నా ఇంట్లో అన్నీ ఆపేసి కూర్చున్నా సరే, ఆమె ఏది వేసినా నా ముల్లు దిగుతుంది. దిగినన్ని వోల్టులను మూడుతో భాగిస్తే ఆమె లాగుతున్న ఆంపియర్లు వచ్చేస్తాయి. పన్నెండు దిగితే నాలుగు ఆంపియర్లు, అది పొయ్యి. ఆరు దిగితే రెండు. మిగిలిన 224 వోల్టులతో గుణిస్తే నాలుగు వందల యాభై వాట్లకు దగ్గర, అది ఇస్త్రీపెట్టె.

ఇస్త్రీపెట్టె వేసిందంటే ఆ రోజు గుడికో రాయచూరుకో బయల్దేరుతోందని అర్థం. పొయ్యి వేళగాని వేళ వెలిగితే ఎవరో చుట్టాలొచ్చారు, చాయ్ పెడుతోంది. మొహం మీద చెప్పాలనుకున్న లెక్క ఎప్పుడు మరిచిపోయానో నాకే తెలియదు. పొద్దున్నే చాయ్ గ్లాసు పట్టుకుని ముల్లు ముందు కూర్చోవడం అలవాటైపోయింది. అది పన్నెండు దిగగానే "లేచింది మహాతల్లి" అనుకుని నేనూ పనికి బయల్దేరేవాణ్ణి. నన్ను పలకరించే మనిషి ఇంకెవరూ లేరు. ఆ పన్నెండు వోల్టులే నాకు పలకరింపు.

వానాకాలంలో ఒక పొద్దున ముల్లు కదల్లేదు. చాయ్ చల్లారింది, అయినా కదల్లేదు. గోడ దాకా పోయాను గాని, పాడు పంతం, పిలవనివ్వలేదు. వెనక్కి వచ్చి చూస్తే ముల్లు దిగి ఉంది. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. పిచ్చివాడిలా ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

అదిగో, అలాంటి రోజుల్లో లైన్‌మన్ మౌనేశ్ భుజాన తీగచుట్ట వేసుకుని వచ్చాడు.

"అమరేశన్నా, నీ అర్జీ పాసైంది. కొత్త తీగ, మంచి మందంది. ఇగ నీది నీకే."

"ఉండనీ తమ్మీ, ఇదే బాగుంది" అన్నాను.

"బాగుందా? ఆఫీసుల టేబుల్ గుద్ది లొల్లి చేస్తివి కదన్నా!"

"అప్పుడు చేసిన. ఇప్పుడు వద్దంటున్న."

"ఎందుకొద్దు?"

ఏం చెప్పను? పక్కింటి ఆడమనిషి పొయ్యి వేసిందో లేదో రోజూ చూసుకుంటానని చెప్పనా? ఊరు ఊరంతా నవ్వదూ! అంతలో హంపమ్మ గడపలోకి వచ్చి, "ఎయ్యప్పా, ఎయ్యి. ఆయన బాధ ఆయనకు తీరనీ" అంది. మౌనేశ్ నన్ను పాత తీగ నుంచి విడదీసి, కొత్తది బిగించి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున చాయ్ కాచుకుని, పొయ్యి ఆపేసి, ముల్లు ముందు కూర్చున్నాను. 230. కదలదు. తీగే వేరైనప్పుడు ఎందుకు కదులుతుంది? తెలుసు. అయినా చూస్తూనే ఉన్నాను. బల్బు దివ్యంగా వెలుగుతోంది. ఆ వెలుతురులో నా ఇల్లు ఎంత ఖాళీగా ఉందో కనిపించింది. పక్కన ఆమె లేచిందా, జ్వరంతో పడుందా, ఊరెళ్ళిందా, నాకు తెలిసే దారే లేదు. ఏడుపొచ్చింది. సిగ్గులేదట్రా నీకు అని నన్ను నేనే తిట్టుకుని, చాయ్ అక్కడే పెట్టి లేచాను.

వెళ్ళి తలుపు కొట్టాను. హంపమ్మ తీసింది. చేతుల నిండా జొన్నపిండి.

"ఏందప్పా? నీ తీగ నీకొచ్చె కదా. ఇంకేం కావాలె?"

"ఏం వద్దక్కా" అన్నాను. "నువ్వు లేసినవో లేదో తెలుస్తలేదు."