అద్దం ఆడిన అబద్ధం

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో అతన్ని అందరూ అద్దం అని పిలిచేవారు. అందగాడని కాదు, లోపల ఏముంటే అది ముఖం మీద కనిపించేస్తుందని. పేకలో మంచి ముక్కలు పడితే అతని చెవులు ఎర్రబడేవి. చెడ్డవి పడితే ఊపిరి బరువుగా వదిలేవాడు. మధ్యరకానివి పడితే ఏం చేయాలో తోచక ట్యూబులైటు వైపు చూసేవాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురూ స్పేర్ పార్టుల గదిలో పోకర్ ఆడేవారు. కేబుల్ చుట్టి వచ్చే పెద్ద చెక్క చక్రాన్ని పడుకోబెడితే అదే బల్ల. పందేనికి డబ్బులు లేవు, నట్ల కింద వేసే ఉక్కు వాషర్లు. నలుగురిలో ఒకరు సూపర్‌వైజర్. ఆయన్ని సార్ అనేవారు. ఇంకొకరు వైరింగ్ అక్క. కంట్రోల్ బోర్డుల పని ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మూడోవాడు అద్దానికి స్వయానా బావమరిది. నాలుగోవాడు అద్దం.

రోజూ ఆడేది సరదాకి. ఏడాదికి ఒక్కసారి మాత్రం నిజం ఆట ఉండేది. కంపెనీ చూసే లిఫ్టులు నాలుగు వాడలుగా ఉండేవి. ఎవరికి ఏ వాడ అని ప్రతి ఏడాదీ గొడవే. ఆ గొడవ పడలేక సార్ ఒక పద్ధతి పెట్టారు. తలా వంద వాషర్లతో ఆట. మూడు గంటల సైరన్ మోగేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్ళు ముందు కోరుకోవాలి. మిగిలింది చివరివాళ్ళకి. సార్ తాను కూడా అదే లెక్కలో కూర్చునేవారు.

ఆ మిగిలేది ఎప్పుడూ ఒకటే. అందులో ఉన్నది పన్నెండంతస్తుల పాత టవరు. దాని మోటారు గది పైకప్పు మీద ఉంది. లిఫ్టు చెడితే పైకి వెళ్ళి బాగుచేయాలి. పైకి వెళ్ళడానికి లిఫ్టు ఉంది, కానీ అది చెడిపోయింది. కాబట్టి మెట్లెక్కాలి. వారానికి రెండుసార్లు ఎక్కాలి. మూడేళ్ళుగా వరసపెట్టి ఎక్కుతున్నది అద్దమే.

నాలుగో ఏడు వచ్చేసరికి అతని కుడి మోకాలు మొరాయించింది. డాక్టరు ఎక్స్‌రే తీసి, దీపం ముందు పట్టుకుని చూసి, "మెట్లు మానేయండి" అన్నాడు. అద్దం సరేనని, మర్నాడు పన్నెండంతస్తులూ ఎక్కాడు. మోకాలి సంగతి కంపెనీకి తెలిస్తే బయటి పనులు తీసేసి గోడౌనులో కూర్చోబెడతారు. అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ తిరిగి లేచి రాలేదు. అందుకని పెదవి విప్పలేదు.

ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు. చెప్పకుండానే పట్టేసింది అత్తగారు.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేశారు. రెస్టురూములో ఆడవాళ్ళంతా పోకర్ ఆడేవారు, అందరికంటే గట్టిగా ఆవిడే ఆడేవారు. ఒక ఆదివారం పొద్దున వంటింటి బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తూ అడిగారు.

"అల్లుడుగారూ, ఈసారి కూడా ఆ టవరే కోరుకుంటారా?"

"కోరుకోవడం ఏంటి అత్తయ్యా, అంటగట్టడమే కదా. నాకు ముక్క పడితే అందరూ పారేసి పారిపోతారు. పడకపోతే నేను పారేస్తాను. ఇంకేం గెలుస్తాను?"

"లేని ముక్క ఉన్నట్టు ఆడొచ్చుగా? అదే, బ్లఫ్."

"నావల్ల కాదత్తయ్యా. నా ముఖం మీకు తెలుసుగా."

"తెలుసు. ఆర్నెల్లుగా కుంటుతూ, కుంటనట్టు నడుస్తున్నారు. మా అమ్మాయికి తెలీదు, మావాడికి తెలీదు. అది బ్లఫ్ కాక మరేంటి?"

అద్దం ముఖాన నెత్తురు చుక్క లేదు. బఠాణీ గింజ ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఎలా తెలిసింది?"

"మెట్లు దిగేటప్పుడు ఈల వేస్తున్నారు. ఎప్పుడూ వేసేవారు కాదు." ఆవిడ తొక్కలు పక్కకి నెట్టారు. "కంగారు పడకండి, నేనెవరికీ చెప్పను. నేను చెప్పేది అది కాదు. అవసరమైతే మీరు దాచగలరు. ఎప్పుడు దాచాలన్నదే మీకు తెలీడం లేదు."

ఆ రోజు మొదలు సాయంత్రాలు పాఠం నడిచింది. పేకముక్కలు ఎలా పట్టుకోవాలో ఆవిడ చెప్పలేదు. ముఖం బిగించమనీ చెప్పలేదు.

"ఎక్స్ఛేంజిలో ఎన్ని అబద్ధాలు విన్నానో! నిజంగా బయల్దేరినవాడు 'వస్తున్నా' అని ఫోను పెట్టేస్తాడు. ఇంట్లో కూర్చున్నవాడే దారిలో టైరు సంగతి, వాన సంగతి చెప్తాడు. కాబట్టి తక్కువ మాట్లాడండి. ఇంకోటి, చివర్లో ఉన్నట్టుండి మీదపడకండి. నిజంగా ముక్క ఉంటే మొదట్నించీ ఎలా ఆడేవారో అలాగే ఆడుకుంటూ రావాలి. ఎదుటివాడు వెనక్కి తిరిగి చూసుకుంటే, అవును, వీడు అందుకే ఉండిపోయాడు అనిపించాలి."

"ఎదుట ఎవరుండాలి?"

"పోయేది ఉన్నవాడు. బాగా ఆలోచించేవాడు. మావాడి ముందు మాత్రం పొరపాటున కూడా వద్దు. వాడికి భయం లేదు. భయపడాలంటే కాస్త బుర్ర పెట్టాలి."

కన్నకొడుకు గురించి ఆవిడ అంత తాపీగా అనేసరికి అద్దానికి నవ్వాలో వద్దో తెలియలేదు.

"నాలుగేళ్ళుగా మీరు పందెం పెంచితే ముక్క ఉన్నట్టే అని అందరి నమ్మకం. అది ఒక్కసారికి పనికొస్తుంది. రెండోసారికి రాదు. తొందరపడి వాడెయ్యకండి" అన్నారు చివరికి.

నిజం ఆట శనివారం పన్నెండింటికి మొదలైంది. రెండున్నర వరకు అద్దం ఏమీ చేయలేదు. మంచి ముక్కలు రెండుసార్లు పడ్డాయి. చెవులు ఎర్రబడ్డాయి, ముగ్గురూ పారేశారు. వందలో డెబ్బై అయిదు మిగిలాయి. అందరికంటే తక్కువ. ఆ పైన సార్, ఆపైన అక్క. బావమరిది ముందు మాత్రం వాషర్లు గుట్టగా పడి ఉన్నాయి. తలా తోకా లేకుండా ఆడటం ఆ రోజు వాడికి కలిసొచ్చింది. వాడు అక్కడున్నంతసేపూ బ్లఫ్ మాట తలపెట్టడం కూడా దండగ.

అప్పుడు డ్యూటీ ఫోను మోగింది. పక్క వీధి భవనంలో నాలుగు, అయిదు అంతస్తుల మధ్య ముగ్గురు ఇరుక్కుపోయారు. వంతు బావమరిదిది.

"నా వాషర్లు ఎవరూ ముట్టుకోకండి. బావా, నీదే పూచీ" అని పరిగెత్తాడు.

అక్క తలా రెండు ముక్కలు పంచింది. అద్దానికి ఏడూ నాలుగూ పడ్డాయి, అవి కూడా వేరువేరు రంగులు. వాటితో చేయగలిగింది ఏమీ లేదు. అయినా ఊపిరి వదలలేదు. మోకాలి నొప్పిని అణుచుకుని మెట్టు దిగేటప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. ఈల ఒక్కటే తక్కువ.

సార్ అయిదు వాషర్లు పెట్టారు. అద్దం అయిదు పెట్టాడు. అక్క పారేసింది.

బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మూడు ముక్కలు పరిచింది అక్క. ఇస్పేటు జాకీ, ఇస్పేటు ఆరు, కళావరు తొమ్మిది. సార్ పది వాషర్లు తోశారు. ఇంకొక ఇస్పేటు పడితే మొత్తం అయిదు ఇస్పేట్లు కలిసే మనిషి ఎలా ఆడతాడో అద్దానికి తెలుసు, ఎన్నోసార్లు ఆ మనిషి తానే. కాసేపాగి పది తోశాడు. నాలుగో ముక్క డైమను రెండు. సార్ పదిహేను పెట్టారు. అద్దం బల్ల వైపు చూసి, ట్యూబులైటు వైపు చూసి, పదిహేను పెట్టాడు.

అయిదో ముక్క ఇస్పేటు రాణి. చేతిలో రెండు ఇస్పేట్లున్నవాడికి ఇక అయిదూ కలిసినట్టే, ఒకే అంకె ముక్కలు మూడున్నా వాటి ముందు చాలవు.

సార్ చేయి వాషర్ల మీదకి వెళ్ళి ఆగింది. "నేనేం పెట్టను. నువ్వు ఆడు" అన్నారు.

అద్దం దగ్గర నలభై అయిదు మిగిలాయి. అవన్నీ రెండు చేతులతో ముందుకి జరిపాడు. ఒక వాషరు దొర్లి కిందపడింది. వంగి తీయబోతే మోకాలు కలుక్కుమంది. ఆ నొప్పికి చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

సార్ ఆ చెవుల్ని చూశారు.

సార్ కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "నువ్వు మొదట్నించీ దానికోసమే ఉన్నావు" అన్నారు. అద్దం కిందపడ్డ వాషరుని కుప్పలో పెట్టాడు. "అవునా?" అన్నారు. అద్దం తన ముక్కల మీద అరచేయి బోర్లించాడు. సార్ గడియారం చూశారు. "ఇంకా పన్నెండు నిమిషాలుంది. రెండాటలు పడతాయి. సంపాదించుకోవచ్చు" అని తనకు తానే చెప్పుకుని, ముక్కలు తిప్పి చూపించి పారేశారు. రెండు తొమ్మిదులు. బల్ల మీది దానితో కలిపి మూడు.

"మూడు తొమ్మిదులు పారేశారా!" అంది అక్క.

"అద్దం పందెం పెంచితే పారేయకపోతే, ఇంకెప్పుడు పారేస్తాం?"

అద్దం తన ముక్కలు బోర్లా పెట్టి కట్టలో కలిపేశాడు.

సార్ అనుకున్న రెండాటలు పడలేదు. అప్పుడే బావమరిది తిరిగొచ్చి, ఇరుక్కున్న ముగ్గురిలో ఒకాయన లోపలే చొక్కా విప్పేశాడనీ, ఒకావిడ ఎవరికో ఫోన్ చేసి వీడ్కోలు చెప్పేసిందనీ, తలుపు తీయగానే మూడోవాడు టైమెంతైందని అడిగాడనీ చెప్పడం మొదలెట్టాడు. వాడిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. వాడి కథలో ఇరుక్కున్నవాళ్ళు కిందికి దిగేసరికి సైరన్ మోగింది. అందరిలో తక్కువ వాషర్లు సార్ దగ్గర ఉన్నాయి.

ఆయన టవరు తాళాల గుత్తి అద్దం చేతి నుంచి తీసుకుని బెల్టుకి తగిలించుకున్నారు.

అద్దం ఇంటికి వెళ్ళి అత్తగారికి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ సాంతం విని, "ముక్కలు చూపించారా?" అని ఒక్కటే అడిగారు. లేదన్నాడు. "మంచిది. ఇంక మోకాలి సంగతి అమ్మాయికి చెప్పండి" అని టీవీ పెట్టుకున్నారు. ఆ రాత్రి భార్య చేత తిన్న చీవాట్లు వేరే కథ.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రుచి మరిగి, వారం తిరగకుండా బావమరిది మీద ఒక బ్లఫ్ ఆడాడు. వాడు జత నాలుగులతో చివరిదాకా వచ్చి గెలిచాడు.

"ఎందుకొచ్చావురా అంతదూరం?"

"ఏముందో చూద్దామని, బావా."

దాంతో అద్దం బుద్ధిగా పాత ఆటకి వెళ్ళిపోయాడు.

టవరు విషయం మాత్రం అతన్ని తినేసింది. సార్‌కి యాభై ఏడేళ్ళు. అద్దం మూడేళ్ళలో ఆ లిఫ్టు మార్చమని పదమూడు ఉత్తరాలు రాశాడు, దేనికీ జవాబు రాలేదు. సార్ ఒక్కసారి మెట్లెక్కి, తొమ్మిదో అంతస్తులో కూలబడి, అక్కడి నుంచే మేనేజింగ్ డైరెక్టరుకి ఫోన్ చేశారు. ఏమన్నారో ఎవరికీ తెలియదు. తొమ్మిదో అంతస్తువాళ్ళు పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులేసుకున్నారని మాత్రం తెలిసింది. ఏడు వారాల్లో కొత్త లిఫ్టు వచ్చింది. ఆ ఏడాదంతా అద్దం తాను కోరుకున్న వాడలోని రెండంతస్తుల దుకాణాల మధ్య తిరిగాడు, ఆస్పత్రిలో చెప్పిన వ్యాయామాలు చేశాడు. మోకాలు మునుపటిలా కాకపోయినా, మాట వినడం మొదలెట్టింది.

మరుసటేడు సార్ రిటైరయ్యారు. స్పేర్ పార్టుల గదిలోనే చిన్న పార్టీ పెట్టారు. కేకు కోశారు, గడియారం బహుమతి ఇచ్చారు. అద్దం ఆ రోజు నిజం చెప్పేయాలని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చాడు. మాటలు కూడా కూర్చుకున్నాడు. కేకు ముక్క పట్టుకుని సార్ పక్కకి చేరాడు. అక్క అక్కడే కప్పుల్లో టీ పోస్తోంది.

"సార్, ఆ రోజు ఆటలో..."

"మూడు తొమ్మిదులు!" సార్ ముఖం వెలిగిపోయింది. "మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పానో. ఉద్యోగంలో నేను తీసుకున్న నిర్ణయాల్లో సగం తప్పులేనోయ్. ఆ పాత టవరు లిఫ్టుని పదేళ్ళు నడిపించొచ్చని సంతకం పెట్టింది కూడా నేనే. కానీ ఆ మూడు తొమ్మిదులు వదిలేయడం మాత్రం సరిగ్గా చేశాను. ఇంకెవరైనా అయితే ఆడేసేవారు. ఇస్పేట్లే కదా నీవి?"

సార్ కళ్ళద్దాల వెనక కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా ఎదురుచూస్తున్నాయి.

"అవును సార్" అన్నాడు అద్దం.

"ఏవేవి?"

"ఆసూ, అయిదూ."

"చూశావా! ఆసు నీ దగ్గరే ఉందని నాకు అప్పుడే తట్టింది" అని సార్ అతని భుజం చరిచారు. తర్వాత అక్క వైపు తిరిగారు. "విన్నావా అమ్మా? ఆసు!"

అక్క చేతిలోని టీ గిన్నె ఒక క్షణం ఆగింది. తర్వాత కప్పు నిండేదాకా పోసింది.

"నేను అప్పుడే అనుకున్నాను సార్. మీరు కాబట్టి వదిలేశారు" అంది.

సార్ ఆ మాట బావమరిదికి చెప్పడానికి వెళ్ళిపోయారు. అక్క ఒక కప్పు అద్దానికి అందించింది.

"ఇస్పేటు ఆసు ఆ రోజు నేను పారేసిన వాటిలో ఉంది" అంది మెల్లగా.

"నాకెలా తెలుస్తుందక్కా? నోటికి అదే వచ్చింది."

"ఇంకోసారి ఎప్పుడైనా అడిగితే చిన్న ముక్కలు చెప్పు. మూడూ అయిదూ లాంటివి. వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు."