ఉబ్బిన పట్టీ

సాయంత్రానికి రంగు పని పూర్తయితే ఆ గది కోడలి కుట్టుమిషనుకి, లేకపోతే మళ్లీ పాత సామాన్లకే. అత్తగారి షరతు అది.

ఆ తొందరలో కోడలు గోడ పైఅంచున అతికించి ఉన్న పాత పూలకాగితం పట్టీని ఊడదీయకుండా దానిమీదే రంగు వేసేసింది. మధ్యాహ్నానికి పట్టీ అంతా ఉబ్బిపోయింది.

"వదినా, గోడకి పొక్కులొచ్చాయి. డాక్టర్ని పిలవనా?" అన్నాడు మరిది.

"వేళాకోళం చాలుగానీ, బకెట్టెడు వేడినీళ్లు పట్రా."

కొంగు బిగించి స్టూలెక్కింది. పట్టీని నానబెట్టి మొత్తం గీకేసింది. గోడ ఆరాక కొత్త పట్టీ అతికించి, కిందికి కారిన మరకలమీద మళ్లీ రంగు వేసేసరికి చీకటిపడింది.

"పొద్దుపోయిందమ్మాయ్," అన్నారు అత్తగారు గుమ్మంలోకొచ్చి.

"పోతే పోయింది అత్తయ్యా. గది మాత్రం ఇవ్వను," అంటూ ఆమె మిషన్ని లోపలికి ఈడ్చింది.

అత్తగారు పక్కకు జరిగి దారిచ్చారు.

"గోడకి ఆనించకు. రంగింకా ఆరలేదు."