రొయ్యల ముందు తీసిన బొట్టు

గోడకి రెండు మేకులు కొట్టాలి. పచ్చ పరదా కట్టాలి. కుర్చీ ఒకటి తేవాలి, దాని ఎత్తుకి సరిపోయే బల్ల వెతకాలి. కిటికీ అద్దానికి పట్టిన ఉప్పు మరకలు కడగాలి. వైఫై ఈ మూలదాకా వస్తుందో లేదో చూడాలి. బీపీ మిషను, వేలికి పెట్టే క్లిప్పు తెప్పించాలి. పనిచేసేవాళ్లకి ఇదంతా ఎందుకో అర్థమయ్యేలా చెప్పాలి.

మొదట చెయ్యాల్సిన ఆ ఆఖరి పనొక్కటే మిగిలిపోయింది. తక్కినవన్నీ ఒక్క పూటలో అయిపోయాయి.

నేను ఒక ట్యాబ్‌ని. చేతిలో పట్టేంత తెర, పైన చిన్న కన్ను, పక్కన సన్నటి చెవి. నేను పుట్టినచోట మాస్కులు, టోపీలు, చేతితొడుగులు వేసుకున్న ఆడవాళ్లు నన్ను బిగించారు. వాళ్ల కళ్లు తప్ప ఏమీ చూడలేదు. తర్వాత కొన్నాళ్లు ఒక బీమా ఆఫీసులో ఉన్నాను. అక్కడి మేనేజరుగారు నా మీద పగలంతా పేకాట ఆడి, ఎవరైనా వస్తే గబుక్కున ఆరోగ్య సూత్రాలు తెరిచేవారు. అక్కణ్ణుంచి కాకినాడ పక్కన సముద్రం ఒడ్డునున్న రొయ్యల ఫ్యాక్టరీకి పంపారు. పెట్టె విప్పేసరికి ఎదురుగా మళ్లీ మాస్కులు, టోపీలు, చేతితొడుగులు! పుట్టింటికే వచ్చాననుకున్నాను.

కంపెనీ తన పనివాళ్లందరికీ ఆరోగ్య బీమా కట్టింది. అందులో కొత్తగా తెర మీద డాక్టర్ని చూపించుకునే సదుపాయం వచ్చింది. ఫీజు లేదు, పట్నం వెళ్లక్కర్లేదు, పూట పని పోదు. ఇంట్లోవాళ్లూ చూపించుకోవచ్చు. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి ఆఫీసు నుంచి వచ్చిన గిరిధర్‌గారు క్యాంటీన్లో చాలాసేపు ఇంగ్లీషులో కష్టపడ్డారు. చివర్లో, "ఏవైనా డౌట్లున్నాయా?" అన్నారు.

రొయ్యలు వలిచే బల్ల దగ్గర అందరికంటే పెద్దది సూరమ్మ. ఆమె లేచింది. "మరి సూది ఎలాగేస్తారండీ?"

"సూది వెయ్యరమ్మా. మాట్లాడి మందు రాస్తారు."

"సూదెయ్యని డాక్టరేం డాక్టరండీ బాబూ!"

క్యాంటీనంతా గొల్లుమంది. నా ఉద్యోగం అలా మొదలైంది.

నన్ను చూసుకునే నర్సు పేరు మేరీ కరుణ. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. రోజూ పొద్దున్నే నా మొహం తుడిచి, పరదా సర్ది, ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. తెర అవతలుండే డాక్టర్ ఉజ్వలగారిది కరీంనగర్. ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని మాట్లాడేవారు. ఒకసారి సూరమ్మ మోకాళ్ల నొప్పి గురించి చెబుతుండగా ఆవిడ వెనకాల కుక్కరు కూత పెట్టింది.

"డాక్టరమ్మా, ఎళ్లి కట్టేసి రండి. పప్పు మాడిపోద్ది. మేవెక్కడికీ పోం," అంది సూరమ్మ.

డాక్టరమ్మ నవ్వుతూ లేచి వెళ్లి కట్టేసి వచ్చారు. "మీరే గుర్తు చేసిన్రమ్మా, లేకుంటే ఇయ్యాల పస్తే," అన్నారు. ఆ ఒక్క మాటతో ఆవిడ వీళ్ల మనిషైపోయారు. నా బల్ల ముందు వరస మొదలైంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీ లోపలికి వెళ్లేటప్పుడు గాజులు, పూలు, పౌడరు, బొట్టు ఏవీ ఉండకూడదు. రొయ్యల్లో పడితే సరుకంతా వెనక్కొస్తుంది. అందుకని ఆడవాళ్లందరూ గుమ్మం దగ్గరున్న అద్దం అంచుకి బొట్టు బిళ్లలు అంటించి లోపలికి వెళ్తారు, సాయంత్రం ఎవరిది వాళ్లు తీసి పెట్టుకుంటారు. పగలంతా బోసి మొహాలే. అలాంటిది, డాక్టరమ్మ ముందుకి బోసి మొహంతో వెళ్లడమా? అది వాళ్లకి అమర్యాద. అందుకని నా దగ్గరికి వచ్చే మనిషిని తోటివాళ్లు ముస్తాబు చేసేవాళ్లు. ఒకరు పౌడరు రాస్తే ఒకరు జడ సర్దేవారు, ఇంకొకరు బొట్టు పెట్టేవారు. తోడొచ్చేవాళ్లూ అద్దం మీది తమ బిళ్లలు తీసి పెట్టుకునే వచ్చేవారు. ఫొటో స్టూడియోకి వెళ్తున్నట్టు వచ్చి, "నీరసమండీ" అనేవాళ్లు.

అలా వచ్చినవాళ్లలో వరహాలు ఒకతె. వలిచే బల్ల దగ్గర ఆమె చేతి నేర్పు చూసి కొత్తవాళ్లు పని నేర్చుకునేవారు. మొదటిసారి వచ్చినప్పుడు తెల్లటి పౌడరుతో, పెద్ద బొట్టుతో నిండుగా ఉంది. బల్ల దగ్గరివాళ్లంతా వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏమైతాందమ్మా?"

"నీరసమండీ. మెట్లెక్కితే ఆయాసం."

కరుణ బీపీ చూసి, "గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటోంది మేడమ్," అంది.

"పని మీదికెళ్లి ఉరికొచ్చిందేమో. మొఖమైతే మంచిగనే ఉంది," అన్నారు డాక్టరమ్మ. బలానికి మందు రాసి, తగ్గకపోతే రక్తపరీక్ష చేయించమన్నారు. వరహాలు తగ్గిందనే చెప్పింది. తగ్గలేదు.

కొన్నాళ్లకి రొయ్యల ట్రే మోస్తూ లోపల తూలిపడింది. సూపర్‌వైజరు కసరలేదు. "కొన్నాళ్లు ఇంటి దగ్గరుండు వరాలూ, ఒంట్లో బాగయ్యాక చూద్దాం," అన్నాడు. ఆ మెత్తటి మాటకే ఆమె బెదిరిపోయింది. ఇంటి దగ్గరుండమంటే బల్ల దగ్గర చోటు ఇంకొకరికి ఇవ్వడమే. ఆ చోటు పోతే మళ్లీ దొరకదు. "ఇవాళ డాక్టరమ్మ బాగానే ఉన్నానని ఒక్క మాట చెప్తే చాలత్తా," అని సూరమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. దారిలో తోటివాళ్లు ఇంకాస్త దట్టంగా పౌడరు రాశారు.

కరుణ ఆమె గోళ్లు చూసింది, నాలుక చూసింది. పెదవి కొరుక్కుంది. మొహం కడుక్కోమని చెప్పడానికి ఆ పిల్లకి నోరు రాలేదని నాకు తెలుసు. తను చర్చికి వెళ్లే మనిషి, బొట్టు పెట్టుకోదు. తనెళ్లి పెళ్లైన ఆడమనిషితో "బొట్టు తుడుచుకో" అంటే ఎలా తీసుకుంటారోనని భయం. మనుషులు ఒకరి మనసు నొప్పించకూడదని ఎన్ని మాటలు మింగేస్తారో! నాకు మాట్లాడడం వస్తే ఎప్పుడో అనేసేదాన్ని.

తెరలోంచి డాక్టరమ్మే అన్నారు. "వరహాలమ్మా, జర మొఖం కడుక్కొని రావా. పౌడరు, బొట్టు ఏం లేకుండ. నీ అసలు రంగు నాకు కనబడతలేదు."

వరహాలు చెయ్యి నుదుటి మీదికి పోయి అక్కడే ఆగింది.

"నిండు ముత్తయిదువుని పట్టుకుని బొట్టు తియ్యమంటదేంటి ఈవిడ?" వెనకనుంచి ఎవరో గొణిగారు.

"కొంచెమే..." అని కరుణ మొదలుపెట్టి, అందరి మొహాలూ చూసి ఆగిపోయింది.

అప్పుడు సూరమ్మ వెనక్కి తిరిగింది. "ఏమే, రోజూ రొయ్యల ముందు తీసేత్తన్నాం కదంటే! అవి తిండానికి పోయేవి. వాటి ముందు తీసిన బొట్టు, పేణం చూసే మనిషి ముందు తియ్యలేవా?"



సూరమ్మకి భర్త లేడు. ఆయన పోయినప్పుడు బొట్టు తియ్యమని ఊరంతా చెప్పినా తియ్యని మనిషి అని బల్ల దగ్గర అందరికీ తెలుసు. ఆ సూరమ్మ తన నుదుటి మీది ముదురెరుపు బిళ్ల గోటితో తీసి, నా అంచుకి అంటించింది. "ఇదిగో, ముందు నాది తీశా. మా ఆయన పోయినప్పుడు తియ్యలేదు, ఇయ్యాల తీశా. ఇప్పుడు తియ్యవే వరాలూ. నేనూ నీలాగే ఉన్నాగా."

వరహాలు తన బిళ్ల తీసి దాని పక్కనే అంటించింది. కరుణ బిందెలో నీళ్లు తెచ్చింది. పౌడరు కరిగి నీళ్లు తెల్లగా జారాయి. కింద తేలిన మొహం ఇంకా తెల్లగా ఉంది.

డాక్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "కరుణా, కింది రెప్ప లాగి చూపించు." లాగింది. గులాబీగా ఉండాల్సిన చోట సున్నం పూసినట్టుంది.

"ఇప్పుడందరూ బయటికి పోండమ్మా. నేను ఆమెతోని మాట్లాడాలె."

అందరూ వెళ్లాక, తోటివాళ్ల ముందు సిగ్గుపడి దాచిన మాట వరహాలు చెప్పింది. నెలనెలా రక్తం ఆగకుండా పోతోంది. చాలా నెలలైంది. డాక్టరమ్మ తిట్టలేదు. "ఇదే నేను ముందుగాల ఒంటరిగా అడగాల్సింది," అని ఊరుకున్నారు. ఆ మధ్యాహ్నమే కంపెనీ వ్యాన్‌లో వరహాలుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, పక్కన కరుణ కూర్చుంది. రక్తం ఎక్కించారు. తర్వాత లోపలున్న గడ్డ తీసేశారు. ఇంకొన్నాళ్లు ఆగుంటే గుండె తట్టుకునేది కాదని అక్కడివాళ్లు అన్నారట. గిరిధర్‌గారు కాగితాలు పట్టుకుని తిరిగారు, బీమా వర్తించింది. కోలుకున్నాక మళ్లీ పని చెయ్యగలదని డాక్టరమ్మ రాసింది చూశాక, వరహాలు చోటు ఎవరికీ ఇవ్వనని సూపర్‌వైజరే బల్ల దగ్గర చెప్పాడు.

ఆమె తిరిగొచ్చిన రోజు ముందు నా దగ్గరికే వచ్చింది. పౌడరు లేదు. పెదవులకి రంగొచ్చింది.

"గిప్పుడు మంచిగున్నవ్!" అన్నారు డాక్టరమ్మ.

"ఇప్పుడు బొట్టెట్టుకోవచ్చాండీ?" అంది వరహాలు. కరుణ అందరికంటే గట్టిగా నవ్వింది.

అప్పటినుంచి ఒక ఆచారం పుట్టింది. నా ముందు కూర్చునేవాళ్లు మొహం కడుక్కుని, బొట్టు బిళ్ల నా అంచుకి అంటించేవాళ్లు. తోడొచ్చినవాళ్లు పరదా అవతల నిలబడేవాళ్లు. మాటలయ్యాక బిళ్ల తీసి పెట్టుకుని వెళ్లేవాళ్లు. గుమ్మం దగ్గరి అద్దానికున్న గౌరవం నాకూ వచ్చిందని లోలోపల మురిసిపోయాను.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బింది. అందరి ఫోన్లలోకీ యాప్ వచ్చింది, ఎవరి వంటింట్లో వాళ్లు కూర్చునే డాక్టరమ్మతో మాట్లాడుతున్నారు. నన్ను కరుణ బల్ల సొరుగులో పెట్టింది. పాత సామాను కొనేవాళ్లకి ఇచ్చెయ్యమన్నా ఇవ్వలేదు. చీకటిగా, పొడిగా, హాయిగా ఉంది. రొయ్యల వాసన కూడా అలవాటైపోయింది.

నా అంచున ఇంకా ఒక ముదురెరుపు బిళ్ల ఉంది. పని మానేసిన రోజు చివరిసారి మోకాళ్లు చూపించుకుని, అది తీసుకోకుండానే వెళ్లిపోయింది ఆ మనిషి. మరిచిపోయిందో, కావాలనే వదిలిందో నాకు తెలీదు. మీరెప్పుడైనా ఇలాంటి తెర ముందు కూర్చుంటే, ముందు మొహం కడుక్కోండి. కడుక్కునేటప్పుడు ఒక్కసారి మా సూరమ్మని తలుచుకోండి.